దీవికి దొరసాని

గుమ్మం ముందు శత్రు సైన్యం వచ్చి నిలబడితే ఆ ఇంటి ఇల్లాలు ఏం చేస్తుంది? తలుపు గడియ పెట్టుకుంటుంది. పిల్లల్ని లోపలి గదిలోకి తోస్తుంది. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంటుంది. సిబిల్ హాథవే ఇవేమీ చేయలేదు. హాల్లో కుర్చీలు సర్దించింది!

అవును, కుర్చీలే. పొడవాటి ఆ హాల్లో ఈ చివర తలుపు, ఆ చివర బల్ల. బల్ల వెనక తానూ, భర్తా కూర్చునేలా ఏర్పాటు చేసింది. వచ్చే జర్మన్ అధికారులు తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా, ఆమె చూస్తుండగా, అంత దూరమూ నడిచి రావాలి. ఆమె చేతిలో తుపాకీ లేదు. వెనక సైన్యం లేదు. ఉన్నదల్లా ఆ హాలు పొడవు ఒక్కటే. దాన్నే ఆయుధం చేసుకుంది 56 ఏళ్ల ఆ దొరసాని.

ఇది జరిగింది 1940 జూలై మొదటి వారంలో, సార్క్ దీవిలో. సార్క్ అనగానే మన ఇరుగుపొరుగు దేశాల కూటమి గుర్తొస్తుంది కదూ? అది కాదు. ఇంగ్లండుకీ, ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో చానల్ దీవులని కొన్ని ఉన్నాయి. జెర్సీ, గెర్న్సీ, ఆల్డర్నీ, సార్క్... వాటిలో బుల్లి దీవి ఇది. సుమారు 3 మైళ్ల పొడవు, ఒకటిన్నర మైలు వెడల్పు. ఉదయం కాఫీ తాగి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికల్లా దీవంతా నడిచి రావచ్చు. ఉండే జనం ఐదారొందలు. మోటారు కార్లు ఆనాడూ లేవు, ఈనాడూ లేవు. గుర్రబ్బండి, సైకిలు, లేదంటే కాళ్లు. అంతే.

టీవీలో డాక్టరు కుటుంబం

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బ్రిటన్ రాజు కింద ఉన్న నేల మీద అడుగుపెట్టిన చోటు యూరప్ లో ఈ చానల్ దీవులొక్కటే. ఆ కథతో 1978లోనూ, మళ్లీ 1980లోనూ బ్రిటన్ టీవీలో ఒక సీరియల్ వచ్చింది. పేరు 'ఎనిమీ ఎట్ ది డోర్'. గుమ్మంలో శత్రువు అన్నమాట. గెర్న్సీ దీవిలో ఫిలిప్ మార్టెల్ అనే డాక్టరు, ఆయన భార్య, కూతురు, చుట్టూ ఉన్న మనుషులు. వైద్యం చేసుకునే మనిషి ఒక పక్క జర్మన్ అధికారులకీ, మరో పక్క తన జనానికీ మధ్య నలిగిపోతాడు. శత్రువుతో మాట్లాడితే ద్రోహి అంటారేమో. మాట్లాడకపోతే జనానికి తిండీ, మందులూ ఎలా? సీరియల్ నడిచినంత కాలం ఈ ప్రశ్నే ఆ కుటుంబాన్ని వెంటాడింది.

డాక్టర్ మార్టెల్ కల్పిత పాత్ర. కానీ ఆ ప్రశ్న కల్పితం కాదు. గెర్న్సీ నుంచి పడవలో గంటలోపే చేరుకునే సార్క్ లో, ఆ ప్రశ్నకి ఐదేళ్ల పాటు రోజూ జవాబు వెతుక్కున్న మనిషి ఒకరు నిజంగానే ఉన్నారు. ఆవిడే సిబిల్.

ముత్తవ్వ కొన్న దీవి

సార్క్ ది విచిత్రమైన చరిత్ర. 1565లో మొదటి ఎలిజబెత్ రాణి ఈ దీవిని హీలియర్ డి కార్టరెట్ అనే ఆయనకి జాగీరుగా ఇచ్చింది. షరతు ఒక్కటే. దీవిలో 40 మంది మగవాళ్లని తుపాకులతో కాపురం పెట్టించి సముద్రపు దొంగల నుంచి కాపాడాలి. ఆయన దీవిని 40 కమతాలుగా పంచాడు. అప్పట్నుంచి దీవికి ఒక దొర. ఆయన్ని 'సెన్యూర్' అంటారు. ఆడమనిషికి ఆ హక్కు వస్తే 'డేమ్' అంటారు.

దొరగారి హక్కులు వింటే నవ్వొస్తుంది. దీవిలో పావురాలు పెంచుకునే హక్కు ఆయనొక్కడికే ఉండేది. ఆడకుక్కని పెంచుకునే హక్కూ ఆయనకే ఉండేది. మిగతావాళ్లు మగకుక్కతో సరిపెట్టుకోవాల్సి వచ్చేది!

పందొమ్మిదో శతాబ్దంలో అప్పటి దొరలకి వెండి గనుల పిచ్చి పట్టింది. తవ్వారు, తవ్వారు... ఆశించినంత వెండి రాలేదు కానీ గనుల్లోకి సముద్రం వచ్చింది. అప్పులు మిగిలాయి. 1852లో దీవి అమ్మకానికొచ్చింది. 6,000 పౌండ్లకి కొనుక్కున్నది ఒక వితంతువు. పేరు మారీ కాలింగ్స్. ఆవిడే మన సిబిల్ కి ముత్తవ్వ. ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయింది. కొడుకుకీ, ఆ తర్వాత మనవడికీ దొరతనం దక్కింది. ఆ మనవడు విలియం ఫ్రెడరిక్ కాలింగ్స్. సిబిల్ తండ్రి.

కాలు లోపం, కొండలెక్కే పిల్ల

1884 జనవరి 13న గెర్న్సీలో సిబిల్ పుట్టింది. ఒక కాలు పొట్టి. మగపిల్లాడి కోసం ఎదురుచూసిన ఇంట్లో ఆడపిల్ల, అందులోనూ కాలు లోపం. ఆ రోజుల్లో ఇలాంటి పిల్లని ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి కుట్లూ అల్లికలూ నేర్పించేవాళ్లు. తండ్రి ఆ పని చేయలేదు. ఆయనది మహా కోపిష్టి స్వభావం. తాగుడూ ఉంది. కానీ కూతురి కాలు చూసి జాలిపడటం మాత్రం ఆయనకి తెలీదు. మగపిల్లాడిని పెంచినట్టే పెంచాడు. పడవ నడపడం, తుపాకీ కాల్చడం, సముద్రం మీదికి వేలాడే కొండచరియలు ఎక్కడం నేర్పాడు. కుంటుతూనే ఎక్కింది. పడిపోతే తనే లేచింది.

ఆ పెంపకం మంచిదా, కఠినమా అని ఇప్పుడు మనం వాదించుకోవచ్చు. ఒకటి మాత్రం నిజం. ఎదుటివాడు గట్టిగా అరిస్తే బెదిరిపోకూడదన్న పాఠం ఆ పిల్ల ఇంట్లోనే నేర్చుకుంది. తర్వాత ఎప్పుడో అరిచేవాళ్లు యూనిఫారాల్లో వచ్చినప్పుడు అదే అక్కరకొచ్చింది.

ఆ పాఠాన్ని మొదట ప్రయోగించింది తండ్రి మీదే! డడ్లీ బోమాంట్ అనే చిత్రకారుడు దీవికొచ్చాడు. సిబిల్ మనసు పడింది. తండ్రి ససేమిరా అన్నాడు. ఇంట్లో పెద్ద గొడవ. తండ్రి మాట కాదని 1901లో డడ్లీని పెళ్లి చేసుకుంది. అప్పటికి ఆమెకి 17 ఏళ్లు. కొన్నాళ్లు తండ్రీ కూతుళ్ల మధ్య మాటల్లేవు. తర్వాత మెల్లగా సర్దుకున్నారు.

వరసగా కాన్పులు. 1918 వచ్చింది. యుద్ధం ముగిసిందని లోకమంతా ఊపిరి పీల్చుకుంది. ఆ నవంబరులోనే, ప్రపంచాన్ని ఊడ్చేసిన ఇన్ ఫ్లుయెంజాలో డడ్లీ చనిపోయాడు. సిబిల్ అప్పుడు గర్భవతి. ఏడో బిడ్డ తండ్రి మొహం చూడకుండానే 1919లో పుట్టింది.

జమీందారు కూతురు కదా, ఆవిడకేం లోటు అనుకుంటాం. కానీ చేతిలో డబ్బులు లేవు. 34 ఏళ్ల వితంతువు, ఇంటి నిండా పిల్లలు. ఊరికే కూర్చోలేదు. యుద్ధం తర్వాత జర్మనీలోని కొలోన్ నగరంలో బ్రిటిష్ సైన్యం మకాం వేసి ఉంటే, అక్కడికి వెళ్లి సైనికుల సంక్షేమం కోసం పనిచేసింది. జర్మన్ మనుషుల్నీ, వాళ్ల పద్ధతుల్నీ దగ్గర్నుంచి చూసింది. ఆ భాష ధారాళంగా మాట్లాడేది. ఓడిపోయిన జర్మనీలో ఆవిడ గడిపిన ఆ కాలం ఇరవై ఏళ్ల తర్వాత ఎంత పనికొస్తుందో అప్పుడు ఎవరికి తెలుసు?

కుర్చీ ఎవరిది?

1927లో తండ్రి పోయాడు. వారసులుగా మగపిల్లలు లేరు. పెద్ద కూతురిగా సిబిల్ 43 ఏళ్ల వయసులో సార్క్ కి దొరసాని అయింది. ఏటా రాజుగారికి కట్టాల్సిన కప్పం రెండు పౌండ్లయినా లేదు. చేతికొచ్చింది మాత్రం ఒక దీవి. దాని సభ పేరు ఛీఫ్ ప్లీజ్. దానికో చిన్న కోర్టు, రెండే రెండు గదుల జైలు కూడా ఉన్నాయి.

1929లో ఆమె రెండో పెళ్లి చేసుకుంది. వరుడు రాబర్ట్ హాథవే. అమెరికాలో పుట్టి బ్రిటిష్ పౌరుడైన మనిషి. మొదటి యుద్ధంలో విమాన దళంలో పనిచేశాడు. నెమ్మదస్తుడు. ఇక్కడే ఉంది అసలు తిరకాసు. దీవి చట్టం ప్రకారం భార్య ఆస్తి మీద హక్కు భర్తది. కాబట్టి మెడలో దండ పడగానే దీవికి దొర రాబర్ట్ అయిపోయాడు! పుట్టుకతో హక్కున్నది ఆమెకి. పాలన తెలిసింది ఆమెకి. సంతకం మాత్రం ఆయనది.

ఇలాంటి చోట ఎన్ని సంసారాలు బెడిసికొట్టాయో మనకి తెలుసు. వీళ్ల సంసారం బెడిసికొట్టలేదు. కాగితం మీద దొర ఆయనే, దీవి మాత్రం చూసేది దొరసాని వైపే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, దాన్ని చిన్నతనంగా తీసుకోలేదు. ఇద్దరూ కలిసి దీవికి యాత్రికుల్ని రప్పించే పని మొదలుపెట్టారు. చేపలూ, పాడీ తప్ప వేరే ఆదాయం లేని ఊరికి అదొక కొత్త దారి అయింది.

వెళ్లాలా, ఉండాలా?

1940 జూన్. ఫ్రాన్స్ కూలిపోయింది. చానల్ దీవులకి ఎదురుగా కనబడే తీరమంతా జర్మన్ల చేతికొచ్చింది. ఈ దీవుల్ని కాపాడటం తమ వల్ల కాదని బ్రిటన్ సైన్యాన్ని వెనక్కి పిలిపించుకుంది. ఓడలు పంపుతాం, వెళ్లేవాళ్లు వెళ్లండని జనానికి చెప్పారు.

ఒక్కసారి ఆ తల్లుల స్థానంలో ఉండి ఆలోచించండి. తేల్చుకోవడానికి ఒకటి రెండు రోజులు కూడా లేవు. పిల్లాణ్ణి ఓడెక్కించి తెలియని ఊరికి పంపాలా? ఒళ్లో పెట్టుకుని శత్రువు కోసం ఎదురుచూడాలా? గెర్న్సీలో వేలమంది స్కూలు పిల్లలు టీచర్ల వెంట ఓడలెక్కారు. మొత్తం మీద ఆ దీవి జనాభాలో సగానికి కొంచెం తక్కువ మంది వెళ్లిపోయారు. ఆల్డర్నీ దాదాపు ఖాళీ అయింది. అలా విడిపోయిన తల్లీ పిల్లలు మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి ఐదేళ్లు పట్టింది.

సార్క్ లోనూ అదే కంగారు. సిబిల్ జనాన్ని సమావేశపరిచింది. తానూ, భర్తా దీవి విడిచి కదలడం లేదని చెప్పేసింది. వెళ్లాలనుకునేవాళ్లని ఆపననీ, కష్టాలుండవని మాత్రం మాట ఇవ్వలేననీ చెప్పింది. తరతరాలుగా ఆ నేలనే నమ్ముకున్న రైతులూ, జాలర్లూ ఆమె మొహం చూశారు. ఆవిడే ఉంటానంటే మనకేం అనుకున్నారు. బయట్నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంగ్లీషు వాళ్లు కొందరు వెళ్లిపోయినా, సొంత సార్క్ జనం దాదాపు అందరూ ఉండిపోయారు.

ధైర్యం చెప్పడం సులువే. కానీ ఆ మాట మీద వందల కుటుంబాలు ఆగిపోతే, రేపు ఏ పిల్లాడికి ఏం జరిగినా ఆ భారం చెప్పినవాళ్ల మీదే పడుతుంది. సిబిల్ కి ఆ సంగతి తెలుసు. జూన్ 28న జర్మన్ విమానాలు గెర్న్సీ రేవు మీద బాంబులేశాయి. టమాటా బుట్టల లారీలు వరసగా నిలబడి ఉంటే సైనిక వాహనాలనుకున్నారు. ముప్పై మందికి పైగా చనిపోయారు. రెండు రోజుల్లో గెర్న్సీ జర్మన్ల వశమైంది. తర్వాత వంతు సార్క్ ది.

అతిథులు వచ్చారు

అలా వచ్చిందే మనం మొదట చెప్పుకున్న రోజు. మేజర్ లాంజ్, ఆయన వెంట ఇంగ్లీషు తెలిసిన డాక్టర్ మాస్ పడవ దిగారు. రేవు నుంచి పైకి నిటారుగా ఎక్కి, దొరగారి భవంతి 'లా సెన్యూరీ'కి చేరారు. మామూలు అతిథులొస్తే ఎలా చెబుతుందో అలాగే పనమ్మాయి లోపలికొచ్చి వాళ్ల రాక చెప్పింది. సిబిల్ ఎదురెళ్లలేదు. కూర్చున్న చోటే ఉంది. వాళ్లు హాలంతా నడిచొచ్చారు, వంగి నమస్కారం చేశారు.

ఆజ్ఞల కాగితం చదివారు. రాత్రిపూట బయట తిరగకూడదు. ఆయుధాలు అప్పగించాలి. గుంపులుగా చేరకూడదు. అనుమతి లేనిదే పడవ కదలకూడదు. అంతా విని, సరే, చేస్తామని ఆమె జర్మన్ లో బదులిచ్చింది. వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయారు. ఆమెలో భయం కనబడకపోవడం వాళ్లకి వింతగా అనిపించి, ఆ మాట అడిగారు కూడా. జర్మన్ అధికారులంటే భయపడాల్సిన అవసరం ఏముందని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. చూడండి ఎంత తెలివైన మాటో! ఉందంటే వాళ్ల మర్యాదకే మచ్చ. లేదంటే ఇక ఆ మర్యాద నిలబెట్టుకోవాలి.

ఆ తర్వాత ఐదేళ్లూ ఆమె పట్టుకున్న సూత్రం అదే. వాళ్ల పద్ధతుల్ని వాళ్లకే అప్పజెప్పేది. పెద్ద హోదా ఉన్నవాళ్లకి గౌరవం ఇవ్వడం జర్మన్ సైనికులకి అలవాటని కొలోన్ లోనే గమనించింది. కాబట్టి తన హోదాని అంగుళం కూడా తగ్గించుకోలేదు. ఎంత పెద్ద అధికారి అయినా ఇంటికొస్తే మర్యాదలు పాటించాల్సిందే. ఊళ్లో ఎవరికి కష్టమొచ్చినా ఆ కుంటికాలితోనే బయల్దేరి కమాండెంట్ దగ్గరికి వెళ్లేది.

కొడుకు పోయిన కబురు

1941 మే నెలలో లివర్ పూల్ మీద జర్మన్ బాంబులు కురిశాయి. అప్పుడు బ్రిటిష్ వైమానిక దళంలో ఉన్న సిబిల్ పెద్ద కొడుకు ఫ్రాన్సిస్, సినిమా నటి అయిన అతని భార్య మేరీ లాసన్ ఆ దాడిలో కలిసి చనిపోయారు. కబురు దీవికి చేరింది.

ఏ దేశం బాంబు తన కొడుకుని తీసుకెళ్లిందో ఆ దేశపు అధికారులే మర్నాడు ఏదో పని మీద గుమ్మంలో నిలబడతారు. వాళ్లతో పిండి కోసం, బొగ్గు కోసం, జాలర్ల పడవల కోసం మర్యాదగా మాట్లాడాలి. ఏ తల్లికైనా ఇంతకంటే పెద్ద పరీక్ష ఉంటుందా? ఆమె తలుపులు మూసుకోలేదు. దీవి పనులు ఆగలేదు.

బయట ఉన్న మిగతా పిల్లల క్షేమం తెలియాలంటే రెడ్ క్రాస్ చీటీయే ఆధారం. అందులో 25 మాటలకి మించి రాయకూడదు. ఆ చీటీ రావడానికి నెలలు పట్టేది. దీవుల్లోని తల్లులందరిదీ అదే గతి. 1942లో రేడియోలు కూడా లాగేసుకున్నారు.

ఒక రాత్రి దాడి

1942 అక్టోబరు 3 రాత్రి. కొద్దిమంది బ్రిటిష్ కమాండోలు చీకట్లో సార్క్ కొండచరియ ఎక్కారు. ఫ్రాన్సెస్ పిట్టార్డ్ అనే మహిళ ఇంటికి చేరి, జర్మన్లు ఎక్కడున్నారో తెలుసుకున్నారు. నిద్రలో ఉన్న సైనికుల్ని పట్టి చేతులు కట్టేశారు. పెనుగులాటలో కొందరు బందీలు చనిపోయారు. ఒకణ్ణి మాత్రం ఇంగ్లండు తీసుకుపోయారు.

దాడి చిన్నదే. ఫలితం పెద్దది. చేతులు కట్టిన బందీల్ని చంపారని హిట్లర్ మండిపడ్డాడు. ఆ నెలలోనే, పట్టుబడ్డ కమాండోలని బతకనివ్వొద్దని రహస్య ఆజ్ఞ జారీ చేశాడు. దానికి దారితీసిన కారణాల్లో సార్క్ దాడి ఒకటి. దీవిలో ముళ్లకంచెలు లేచాయి. తీరమంతా మందుపాతరలు పెట్టారు. కమాండోలకి సాయం చేసిన పిట్టార్డ్ ని గెర్న్సీలో జైల్లో పెట్టి, తర్వాత జర్మనీకి పంపేశారు.

1943 ఫిబ్రవరిలో దీవుల నుంచి జర్మనీ శిబిరాలకి పంపేవాళ్ల కొత్త జాబితా వచ్చింది. అందులో రాబర్ట్ హాథవే పేరుంది! సిబిల్ గెర్న్సీలో పుట్టింది కాబట్టి మినహాయింపు. ఆయన బయటివాడు కాబట్టి పంపేస్తారు. ఇన్నాళ్లూ అందరి కోసం కమాండెంట్ల తలుపులు తట్టిన మనిషి తన భర్తని మాత్రం ఆపుకోలేకపోయింది. ఆయన్ని బవేరియాలోని లౌఫెన్ శిబిరానికి పంపారు. చట్టం ప్రకారం దొర దీవిలో లేడు. 59 ఏళ్ల దొరసాని ఒక్కతే మిగిలింది.

ముళ్లపొదల టీ, పాచి పాయసం

1944 జూన్ లో మిత్ర సైన్యాలు నార్మండీలో దిగాయి. విముక్తి వచ్చేసిందనుకున్నారు దీవుల జనం. కానీ సైన్యాలు ఫ్రాన్స్ మీదుగా ముందుకెళ్లాయి. దీవులు మాత్రం వెనక మిగిలిపోయాయి. ఫ్రాన్స్ నుంచి వచ్చే సరుకులు ఆగిపోయాయి. ఇక జర్మన్ సైనికులకీ ఆకలే, జనానికీ ఆకలే.

ఆ చలికాలం దీవుల్లోని ఆడవాళ్లు పొయ్యి ఎలా వెలిగించారో చెప్పుకుంటే ఒక పుస్తకమవుతుంది. టీ లేదు. ముళ్లపొదల ఆకులు ఎండబెట్టి కాచుకున్నారు. కాఫీ లేదు. పార్స్ నిప్ అనే దుంపని ముక్కలు కోసి, మాడ్చి, పొడి కొట్టారు. సముద్రపు పాచిని ఏరి, ఎండబెట్టి, పాలల్లో ఉడికించి పాయసం లాంటిది చేశారు. ఉప్పు లేక సముద్రపు నీళ్లే వాడారు. దుప్పట్లు కోట్లయ్యాయి, కర్టెన్లు గౌన్లయ్యాయి. సబ్బు లేదు, అగ్గిపుల్ల లేదు. దొరసాని ఇంటి భోజనబల్ల మీద కూడా ఇంతకు మించి ఏమీ లేదు.

1944 డిసెంబరు 27న 'వేగా' అనే రెడ్ క్రాస్ ఓడ గెర్న్సీ రేవుకొచ్చింది. దాన్లో ఆహారం పొట్లాలు. ఆ పొట్లం విప్పి టీ పొడి వాసన చూసి ఏడ్చిన ఇల్లాళ్లు ఎందరో.

275 మంది జర్మన్లు, ఒక్క ఆడమనిషి

1945 మే 9న గెర్న్సీ, జెర్సీ విముక్తమయ్యాయి. సార్క్ వంతు మర్నాడు, మే 10న వచ్చింది. కల్నల్ అలెన్ అనే బ్రిటిష్ అధికారి గుప్పెడు మందితో దిగాడు. జర్మన్ కమాండర్ లొంగిపోయాడు. మధ్యలో దుబాసి ఎవరనుకున్నారు? సిబిలే.

ఇక్కడే ఒక చిక్కు. దీవిలో 275 మంది జర్మన్ సైనికులున్నారు. వాళ్లకి కాపలా పెట్టడానికి అలెన్ దగ్గర మనుషుల్లేరు. కొన్నాళ్లు మీరు చూసుకోగలరా అని ఆయన సిబిల్ నే అడిగాడు. ఆమె ఏమాత్రం తడుముకోకుండా సరేనంది.

అలా ఒక వారం పాటు, మే 17 దాకా, 61 ఏళ్ల ఆవిడ ఆ సైన్యానికి ఆజ్ఞలిచ్చింది. మొదట రేవులో మందుపాతరలు తియ్యండంది. జనం దగ్గర లాక్కున్న రేడియోలు తిరిగివ్వమంది. వాళ్లు చిత్తం అన్నారు, చేశారు. ఐదేళ్ల కిందట ఆ హాలు పొడవునా నడిపించిన మనిషి ఆజ్ఞాపిస్తుంటే ఇక కాదనేదెవరు?

ఆ ఏడాదే రాబర్ట్ శిబిరం నుంచి క్షేమంగా తిరిగొచ్చాడు. సార్క్ ప్రధాన దీవినీ, లిటిల్ సార్క్ నీ కలిపే ఇరుకైన కొండదారి ఒకటుంది. పేరు లా కూపే. రెండు పక్కలా పాతాళంలా లోయ. గాలి వీచే రోజుల్లో జనం ప్రాణాలరచేత పెట్టుకుని దాటేవాళ్లు. దాని మీద కాంక్రీటు దారీ, పక్కన పట్టుకోవడానికి కడ్డీలూ 1945లో జర్మన్ యుద్ధఖైదీలే వేశారు. పిల్లలు ఇప్పటికీ వాటిని పట్టుకునే నడుస్తున్నారు.

ఆమె చేసింది ఒప్పేనా?

ఇంత గొప్పగా చెప్పుకున్నాం కానీ, వేలెత్తి చూపినవాళ్లూ ఉన్నారు. జర్మన్ అధికారులతో, ముఖ్యంగా గొప్పింటి వాళ్లతో, ఆమె మరీ మర్యాదగా మెలిగిందని తర్వాత విమర్శలొచ్చాయి. ప్రాణాలకి తెగించి రహస్యంగా ఎదిరించిన సామాన్యులు ఆ దీవుల్లో ఉన్నారు. శిబిరాల నుంచి తిరిగిరానివాళ్లూ ఉన్నారు. వాళ్లతో పోలిస్తే ఆమెకి హోదా అండగా ఉన్న మాట నిజమే.

కాదనలేం. అయితే ఆమె వైపు నుంచీ చూడాలి. దాక్కోవడానికి అడవి లేదు, పారిపోవడానికి దారి లేదు. చుట్టూ సముద్రం. ఎవరో ఒకరు తొందరపడితే శిక్ష పడేది ఊరందరికీ. తన మాట నమ్మి ఆగిపోయిన వందల మంది ప్రాణాలతో బయటపడాలి. ఆమె లెక్క అదొక్కటే. దానికోసం కొడుకు చావుని గుండెలో దాచుకుని శత్రువుకి కుర్చీ చూపించింది. సీరియల్లో డాక్టర్ మార్టెల్ నలిగింది కూడా ఈ లెక్క దగ్గరే కదా!

చివరి రోజులు

యుద్ధం తర్వాత దీవిని మళ్లీ నిలబెట్టే పని. 1949లో కొత్త రేవు ప్రారంభానికి యువరాణి ఎలిజబెత్, భర్త ఫిలిప్ వచ్చారు. 1954లో రాబర్ట్ కన్నుమూశాడు. రాణి అయ్యాక 1957లో ఎలిజబెత్ మళ్లీ వచ్చినప్పుడు, 73 ఏళ్ల సిబిల్ పాత ఆచారం ప్రకారం ఆమెకి విధేయత ప్రకటించింది. 1961లో తన జీవితకథ రాసింది. 1965లో, దీవికి జాగీరు పట్టా దక్కి 400 ఏళ్లయిన సంవత్సరంలోనే, బ్రిటన్ ప్రభుత్వం ఆమెకి 'డేమ్' బిరుదు ఇచ్చింది. అప్పటికే దీవి హక్కుతో ఆమె డేమ్. దానికి మరొకటి తోడైంది!

1974 జూలై 14న, 90 ఏళ్ల వయసులో సిబిల్ చనిపోయింది. 47 ఏళ్లు దీవిని ఏలింది. ఆ ఏడాదే ఆమె కథతో 'ది డేమ్ ఆఫ్ సార్క్' అనే నాటకం లండన్ లో ఆడింది. ప్రసిద్ధ నటి సెలియా జాన్సన్ ఆమె పాత్ర వేసింది. 1976లో అదే నాటకం టీవీలోనూ వచ్చింది.

ఆమె తర్వాత దొరతనం ఎవరికి వచ్చిందో తెలుసా? మైఖేల్ బోమాంట్ కి. లివర్ పూల్ బాంబుల్లో పోయిన ఫ్రాన్సిస్ కొడుకే అతను. 2016లో చనిపోయే దాకా అతనే దొర. 2008 డిసెంబరులో సార్క్ తొలిసారి సభ మొత్తాన్నీ ఓట్లతో ఎన్నుకుంది. నాలుగు శతాబ్దాల జమీ పద్ధతి అలా ముగిసింది.

అధికారం పోయింది కానీ సెన్యూర్ అనే పేరు ఇంకా ఉంది. లా సెన్యూరీ తోట చూడటానికి ఏటా జనం వస్తుంటారు. రెండో పెళ్లినాడు చట్టం ఆమె కుర్చీని భర్త పేర రాసింది. యుద్ధంలో శత్రువు ఆ భర్తని కూడా తీసుకుపోయాడు. అయినా సార్క్ దొరసాని అంటే ఇవాళ్టికీ ఆ దీవిలో గుర్తొచ్చేది, హాలు చివర బల్ల వెనక కదలకుండా కూర్చున్న ఆ కుంటికాలి మనిషే.